ప్లాట్‌ఫాం పరీక్ష: ముందు డబ్బు వెనక్కి తీసి చూడండి

ఫారెక్స్ ట్రేడింగ్‌కి ఏ ప్లాట్‌ఫాం మంచిదో చెప్పండి అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. చార్టులు బాగుండే యాప్ ఏది, స్ప్రెడ్, అంటే కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా, ఎవరి దగ్గర తక్కువ, వంద డాలర్లతో ఖాతా తెరవనిచ్చేది ఎవరు... ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి. జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. మీరు ఎక్కడ ఉంటున్నారు? గుంటూరులోనా, లండన్‌లోనా, మెల్‌బోర్న్‌లోనా, డాలస్‌లోనా? ఈ వ్యవహారంలో సగం జవాబు మీ ఇంటి చిరునామాలోనే ఉంది.

గుంటూరుతోనే మొదలుపెడదాం. మన దేశంలో నివసించేవాళ్ళు విదేశీ మారకం లావాదేవీలు ఎవరితో చెయ్యాలో ఫెమా చట్టం చెబుతుంది. 1999 నాటి చట్టం అది. రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న అధీకృత సంస్థలతో, అంటే ముఖ్యంగా బ్యాంకులతో, చట్టం ఒప్పుకున్న అవసరాలకే చెయ్యాలి. ఆన్‌లైన్‌లో అయితే రిజర్వ్ బ్యాంక్ అనుమతించిన ఎలక్ట్రానిక్ ప్లాట్‌ఫాంల మీద, లేదా ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల మీద చెయ్యాలి. యూరో-డాలర్ దగ్గర్నుంచి బంగారం, నాస్‌డాక్ సూచీ దాకా అన్నిటి మీదా సీఎఫ్‌డీలు (అవేమిటో తర్వాత చెబుతాను) అమ్మే విదేశీ యాప్‌లకు ఇందులో చోటు లేదు.

ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు బయటికి పంపుకోవచ్చు కదండీ అంటారు కొందరు. పంపుకోవచ్చు. పిల్లల ఫీజులకు పంపవచ్చు, వైద్యానికి పంపవచ్చు, విదేశీ షేర్లు కూడా కొనుక్కోవచ్చు. విదేశీ ఎక్స్ఛేంజీకో, అక్కడి బ్రోకర్‌కో మార్జిన్ కట్టడానికి మాత్రం అదే పథకంలో నిషేధం ఉంది. అందుకే ఆ యాప్‌లలో డబ్బు వేసే దారి ఎప్పుడూ వంకరగానే ఉంటుంది. ఫెమాను ఉల్లంఘిస్తే, ఎంత డబ్బుతో ఉల్లంఘించారో దానికి మూడు రెట్ల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆ జరిమానా పడేది యాప్ వాడి మీద కాదు, ఇక్కడ కూర్చుని డబ్బు కట్టినవాడి మీద. యాప్ వాడు ఏ ద్వీపంలోనో ఉంటాడు.

ఇక్కడ నాకు తరచుగా వినిపించే వాదన ఒకటుంది. యూపీఐలో డబ్బు తీసుకుంటున్నారు, తెలుగులో కస్టమర్ కేర్ ఉంది, క్రికెట్ మ్యాచ్‌లో ప్రకటన వచ్చింది, మరి చట్టవిరుద్ధం ఎలా అవుతుంది అని. ఒక ఐపీఎల్ జట్టుకి ట్రేడింగ్ భాగస్వామిగా పేరు వేయించుకున్న సంస్థ ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ హెచ్చరిక జాబితాకెక్కింది. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఆ జాబితాను మొదటిసారి ప్రకటించింది. అప్పుడు 34 పేర్లున్నాయి, తర్వాత పెరుగుతూ వచ్చాయి. అందులో నలుగురికీ తెలియని పేర్లే కాదు, వేరే దేశాల్లో లైసెన్సు తీసుకుని దర్జాగా నడుస్తున్న సంస్థల పేర్లూ ఉన్నాయి. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఆ జాబితా కింద ఒక మాట ఉంటుంది, దాన్ని చాలామంది చదవరు. జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ సంస్థకు అనుమతి ఉన్నట్టు కాదు. కాబట్టి నా యాప్ జాబితాలో లేదు అని నిశ్చింతగా ఉండకండి. వెతకవలసింది అనుమతి పొందినవాళ్ళ జాబితాలో. ఆ జాబితా కూడా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లోనే ఉంది.

మరి ఇక్కడ చట్టబద్ధంగా ఏముంది? ఎన్‌ఎస్‌ఈలో డాలర్-రూపాయి ఫ్యూచర్స్ 2008 ఆగస్టులో మొదలయ్యాయి. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. యూరో, పౌండు, యెన్ ఆ తర్వాత వచ్చాయి. సెబీ దగ్గర నమోదైన బ్రోకర్ ద్వారా చేసుకోవచ్చు. అయితే 2024లో ఒక మెలిక పడింది. రూపాయితో ముడిపడిన ఈ కాంట్రాక్టులు నిజంగా విదేశీ మారకం రిస్కు ఉన్నవాళ్ళ కోసమే అని రిజర్వ్ బ్యాంక్ ఆ జనవరిలో గట్టిగా గుర్తుచేసింది. 10 కోట్ల డాలర్ల దాకా కాగితాలు చూపించక్కర్లేదు గానీ, అసలు అవసరమంటూ ఉండి తీరాలి. ఏప్రిల్లో అమలు కావలసింది మే 3కి వాయిదా పడి అమలైంది. సరదాకి డాలర్ మీద పందెం వేద్దామనుకున్న చిన్న ట్రేడర్లు ఆ దెబ్బతో పక్కకు తప్పుకున్నారు.

ఇంకో సంగతి. ఫారెక్స్ యాప్ గురించి అడిగేవాళ్ళలో కొందరికి నిజానికి ట్రేడింగ్ అక్కర్లేదు. అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చదువుతోంది, జనవరిలో ఫీజు కట్టాలి, డాలర్ పెరిగేలోపు కొనుక్కోవాలి. వాళ్ళ బాధ అది. వాళ్ళకోసం ఎఫ్‌ఎక్స్ రిటైల్ అని ఒక ప్లాట్‌ఫాం ఉంది. క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2019 ఆగస్టులో తెచ్చింది. మీ బ్యాంకు ద్వారా నమోదు చేసుకోవచ్చు. బ్యాంకులు తమలో తాము డాలర్లు కొనుక్కునే ధరకు దగ్గరగా మీకూ దొరుకుతుంది, బ్యాంకు తన చార్జీ ఎంతో విడిగా చెబుతుంది. బ్యాంకు కౌంటర్ దగ్గర దీని పేరెత్తితే ఒక్కోసారి అవతలివాళ్ళే తెల్లమొహం వేస్తారు. వదలకుండా అడగండి. ఇలాంటివాళ్ళకు నేను చెప్పేది ఇంతే, మిగతా ప్రసంగం వాళ్ళకు అక్కర్లేదు.

ఇప్పుడు సముద్రం దాటుదాం. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళకు సీఎఫ్‌డీ ట్రేడింగ్ చట్టబద్ధమే. అక్కడ సంపాదించుకున్న డబ్బు, అక్కడి చట్టం. కాబట్టి అసలైన ఎంపిక, పరీక్ష మొదలయ్యేది అక్కడే. ముందు మీరు కొంటున్నదేమిటో తెలియాలి.

సీఎఫ్‌డీలో మీరు బంగారం కొనరు, యూరోలు కొనరు, షేర్లూ కొనరు. ధర ఇప్పుడెంత, మీరు బయటపడేటప్పుడు ఎంత, ఆ తేడాను లెక్కగట్టి ఇచ్చిపుచ్చుకుంటామని బ్రోకర్‌తో చేసుకునే ఒప్పందం అది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడి పందెం బరి చుట్టూ నిలబడి పై పందాలు కాస్తారు చూశారా, అచ్చం అదే. కోడి మీది కాదు, బరిలో దిగేదీ మీరు కాదు. ఎవరు గెలుస్తారన్న దాని మీదే మీ డబ్బు. అయితే పై పందెంలో అవతల ఇంకో పందెగాడు ఉంటాడు. సీఎఫ్‌డీలో చాలాసార్లు అవతల నిలబడేది బరి నడిపేవాడే.

ఈ చివరి మాటను కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ప్లాట్‌ఫాం ఎంపికలో ప్రాణం ఇక్కడే ఉంది. బ్రోకర్ మీ ఆర్డర్‌ని రెండు రకాలుగా చూడవచ్చు. ఒకటి, దాన్ని అలాగే తీసుకెళ్ళి పెద్ద బ్యాంకుల దగ్గరో, ఇతర సంస్థల దగ్గరో సర్దేసి, మధ్యలో స్ప్రెడ్డో కమిషనో తీసుకోవడం. వ్యాపారంలో దీన్ని ఏ-బుక్ అంటారు. రెండోది, మీ ఎదుటి పక్షం తానే తీసుకోవడం. ఇది బీ-బుక్. అప్పుడు మీరు పోగొట్టుకున్న ప్రతి డాలరూ అతని లాభం. బీ-బుక్ నడపడం నేరం కాదు. చాలా దేశాల్లో లైసెన్సున్న సంస్థలు బాహాటంగానే చేస్తాయి, రెండూ కలిపి నడిపేవాళ్ళూ ఉన్నారు. చిక్కు ఎప్పుడంటే, ఒకటి చేస్తూ ఇంకోటి చేస్తున్నామని చెప్పినప్పుడు.

ఎఫ్‌ఎక్స్‌సీఎం కథ దీనికి మంచి ఉదాహరణ. అమెరికాలో పేరుమోసిన చిల్లర (రిటైల్) ఫారెక్స్ సంస్థ. మా దగ్గర డీలింగ్ డెస్క్ లేదు, మీరు ఓడితే మాకేం లాభం లేదు అని ప్రచారం చేసుకునేది. ఖాతాదారుల ఆర్డర్లు చాలావరకు ఒక కంపెనీకి వెళ్ళేవి. ఆ కంపెనీతో తనకు దగ్గర సంబంధం ఉందనీ, దాని లాభంలో వాటా తిరిగి తన దగ్గరికే వస్తోందనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమెరికా నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ 2017 ఫిబ్రవరిలో 70 లక్షల డాలర్ల జరిమానా వేసింది. సంస్థ అక్కడి రిజిస్ట్రేషన్ వదులుకుని అమెరికా నుంచే వెళ్ళిపోయింది. కాబట్టి సైట్ మీద డీలింగ్ డెస్క్ లేదు అని పెద్దక్షరాలతో రాసి ఉంటే అదొక ప్రకటన అనే అనుకోండి. ఆర్డర్లు ఎలా అమలు చేస్తారో చెప్పే పత్రం ఒకటి ప్రతి లైసెన్సు సంస్థా ఇవ్వాలి. మీ ఒప్పందంలో ఎదుటి పక్షం ఎవరో అందులో రాసి ఉంటుంది. చదవడానికి విసుగ్గానే ఉంటుంది, కానీ చదవాల్సింది అదే.

యూరప్‌లో 2018 ఆగస్టు నుంచి ఇంకో మంచి ఏర్పాటు వచ్చింది. తమ దగ్గర చిల్లర ఖాతాల్లో ఎంత శాతం నష్టపోతున్నాయో ప్రతి సంస్థా తన ప్రకటనల్లోనే చెప్పాలి. అప్పట్లో యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా చూసిన లెక్కల్లో 74 నుంచి 89 శాతం ఖాతాలు నష్టంలో ఉన్నాయి. అక్కడిదాకా ఎందుకు, మన సెబీ 2024లో ఇక్కడి ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసేవాళ్ళ మూడేళ్ళ లెక్క తీస్తే, విడి ట్రేడర్లలో 93 శాతం నష్టపోయినట్టు తేలింది. అది ఎక్స్ఛేంజీలో, అన్ని రక్షణల మధ్యా. ఏ ప్లాట్‌ఫాం ఎంచుకున్నా మీరు చేరేది ఈ వరుసలోనే. ప్లాట్‌ఫాం మంచిదైతే మీ తప్పులకు మాత్రమే మీరు మూల్యం చెల్లిస్తారు, వాళ్ళ మోసానికి కూడా చెల్లించనక్కర్లేదు. అంతకంటే ఎక్కువ ఆశించకండి.

అదే 2018 నిబంధనల్లో లివరేజ్ మీద కూడా, అంటే మీ డబ్బుకి ఎన్ని రెట్ల లావాదేవీ చెయ్యవచ్చో దాని మీద కూడా, పరిమితి పెట్టారు. ప్రధాన కరెన్సీ జంటలకు 30 రెట్లు, బంగారానికి 20, విడి షేర్లకు 5, క్రిప్టోకి 2. బ్రిటన్ దాదాపు ఇవే పరిమితుల్ని 2019లో శాశ్వతం చేసింది, ఆస్ట్రేలియా 2021 మార్చిలో తెచ్చింది. బోనస్‌ల ఆశచూపడం నిషేధం. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ నష్టం వస్తే అది బ్రోకర్ భరించాలి, మీ మెడకు చుట్టకూడదు.

ఈ 30 రెట్లు చాలా తక్కువ అని ముక్కు విరిచేవాళ్ళు ఉంటారు. 500 రెట్లు ఇస్తామనే సంస్థ వైపు చూస్తారు. ఒక్క లెక్క వెయ్యండి. మీ దగ్గర 300 డాలర్లున్నాయి. 500 రెట్లంటే లక్షా యాభై వేల డాలర్ల లావాదేవీ. ధర మీకు వ్యతిరేకంగా 0.2 శాతం కదిలితే 300 డాలర్లూ పోయాయి. యూరో-డాలర్ ఏ విశేషమూ లేని రోజున కూడా అర శాతం అటూఇటూ ఊగుతుంది. మీ అంచనా సాయంత్రానికి నిజమే అవుతుంది, మధ్యాహ్నానికే మీ ఖాతా ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు సంస్థ అసలుదో కాదో చూసే పని. బ్రిటన్‌లో ఉంటే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ రిజిస్టర్ తెరవండి. ప్రతి సంస్థకూ ఒక రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఆస్ట్రేలియాలో అయితే అక్కడి నియంత్రణ సంస్థ ఏసిక్ ఇచ్చే లైసెన్సు నంబరు. నంబరు సైట్ మీద కనిపించింది కదా అని సరిపెట్టుకోకండి. అసలు సంస్థ నంబరును కాపీ కొట్టి సైట్ కట్టే క్లోన్ సంస్థలు కొల్లలు. నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లోకి మీరే విడిగా వెళ్ళాలి, అక్కడున్న వెబ్ చిరునామా, ఫోన్ నంబరు మీ దగ్గరున్న వాటితో కలుస్తున్నాయో లేదో చూడాలి. అనుమానముంటే రిజిస్టర్‌లోని నంబరుకే ఫోన్ చెయ్యాలి.

దీనికంటే సున్నితమైన మెలిక ఇంకోటుంది, చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడతారు. ఒకే బ్రాండు పేరు కింద నాలుగైదు కంపెనీలుంటాయి. ఒకటి లండన్‌లో, ఒకటి సైప్రస్‌లో, ఒకటి సీషెల్స్‌లోనో వనువాటులోనో. సైట్ ఒకటే, రంగు ఒకటే, లోగో ఒకటే. మీరు చేరేది ఏ కంపెనీలో అనేది ఖాతా ఒప్పందం మొదటి పేజీలో ఉంటుంది. లండన్ కంపెనీలో ఉంటే, సంస్థ దివాలా తీసినప్పుడు ఖాతాదారుడికి 85,000 పౌండ్ల దాకా పరిహార పథకం ఉంది. ట్రేడింగ్‌లో పోయిన డబ్బుకు కాదండోయ్, సంస్థ మునిగితేనే. సైప్రస్‌లో 20,000 యూరోలు. ద్వీపం కంపెనీలో ఉంటే చెప్పుకునేంత రక్షణేమీ ఉండదు. సెయింట్ విన్సెంట్ అనే చిన్న దేశం పేరు చాలా సైట్ల అడుగున కనిపిస్తుంది. ఆ దేశపు ఆర్థిక నియంత్రణ సంస్థే తాము ఫారెక్స్ బ్రోకర్లకు లైసెన్సులు ఇవ్వమని చెబుతుంటే, అక్కడ రిజిస్టరయ్యాం అన్నదాన్ని ఏమనుకోవాలి? లండన్‌లో ఉంటున్న మీకు ఫోన్ చేసి, ఎక్కువ లివరేజ్ కావాలంటే మా ఇంకో శాఖకి మారండి, లేదా ప్రొఫెషనల్ ఖాతా తీసుకోండి అని ఎవరైనా అంటే, మీ రక్షణలు విప్పేసి రమ్మంటున్నారని అర్థం.

అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి చిన్నదే. అక్కడ చిల్లర ఖాతాదారులకు సీఎఫ్‌డీలే లేవు. ఫారెక్స్ ఉంది, ప్రధాన జంటలకు 50 రెట్ల పరిమితితో. అక్కడి పరిశ్రమ స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఏ వాళ్ళ బేసిక్ అనే డేటాబేస్‌లో సంస్థ పేరు కొడితే దాని మీద పడ్డ జరిమానాల చరిత్ర అంతా వస్తుంది. డాలస్‌లో ఉండి సీఎఫ్‌డీ ఇస్తామన్న యాప్‌లో చేరారంటే, ఆ యాప్ మొదటి పరీక్షలోనే తప్పినట్టు.

సంస్థ అసలుదే అని తేలాక యాప్ పరీక్ష. డెమో ఖాతా అందరూ ఇస్తారు. డెమోలో నేర్చుకోవాల్సింది బటన్లు ఎక్కడున్నాయో, లాట్ సైజు తప్పు పడకుండా ఆర్డర్ ఎలా పెట్టాలో, స్టాప్‌లాస్, అంటే నష్టం ఒక హద్దు చేరగానే లావాదేవీ మూసేసే ఆర్డర్, ఎలా మార్చాలో. మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ యాప్ వాడేవాళ్ళు చాలామంది 0.1కి 1.0 కొట్టి పదింతల లావాదేవీలో ఇరుక్కుంటారు. అలాంటి తప్పులన్నీ డెమోలోనే అయిపోవాలి. అంతకుమించి డెమోను నమ్మకండి. అందులో మీరు అడిగిన ధరకే ఆర్డర్ పడుతుంది, ఎంత పెద్దదైనా క్షణంలో పడుతుంది. అసలు బజారులో అలా జరగదు. పైగా వాళ్ళు లక్ష డాలర్ల ఉత్తుత్తి డబ్బు వేసి ఇస్తారు. మీరు వెయ్యబోయేది 500 అయితే డెమోలో కూడా 500 పెట్టించుకోండి.

తర్వాత అసలు డబ్బుతో పరీక్ష. పోయినా ఇంట్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రానంత చిన్న మొత్తం. బోనస్ ఇస్తామంటే వద్దనండి, దాని వెనక ఇన్ని లాట్లు తిప్పితేగానీ డబ్బు తీసుకోనివ్వం అన్న షరతు పొంచి ఉంటుంది. ఒకటి రెండు చిన్న ట్రేడ్లు చేసి, లాభమో నష్టమో పట్టించుకోకుండా, సగం డబ్బు వెనక్కి తీసుకోండి. నా దృష్టిలో మిగిలిన పరీక్షలన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే. డబ్బు వెయ్యడానికి ఒక నిమిషం, తియ్యడానికి మూడు వారాలా? ఖాతా తెరిచేటప్పుడు అడగని కాగితాలు ఇప్పుడు అడుగుతున్నారా? మీ ఖాతా మేనేజర్‌నని ఒకాయన ఫోన్ చేసి, సార్, ఇప్పుడే ఎందుకు తీస్తున్నారు, రేపు బంగారంలో మంచి అవకాశం ఉంది అని బతిమాలుతున్నాడా? చెప్పిన గడువులో, మీరు వేసిన బ్యాంకు ఖాతాకే, చెప్పిన చార్జీ మాత్రమే పట్టుకుని డబ్బు వచ్చిందా? వస్తే ముందుకు వెళ్ళండి. మొత్తం పెంచిన తర్వాత మరోసారి తీసి చూడండి. చిన్న మొత్తాలు చకచకా ఇచ్చి, పెద్ద మొత్తం దగ్గర మొరాయించేవాళ్ళూ ఉన్నారు.

స్ప్రెడ్ విషయంలో సైట్ మీద ఇచ్చే అంకెను నేను లెక్కలోకి తీసుకోను. లండన్, న్యూయార్క్ రెండూ తెరిచి ఉండే వేళ, మన దేశంలో సాయంత్రం, అన్ని సంస్థల స్ప్రెడ్డూ ముద్దొస్తుంది. న్యూయార్క్ సాయంత్రం 5 గంటలకు రోజు మారేటప్పుడు చూడండి, ఒక పిప్ (ధర కదలికను కొలిచే చిన్న యూనిట్) ఉన్నది ఐదూ పదీ అవుతుంది. స్టాప్‌లాస్‌లు ఎగిరిపోయే వేళ అది. రాత్రి దాటి ఉంచుకున్న లావాదేవీకి స్వాప్ అనే వడ్డీ పడుతుంది. శని, ఆదివారాల వడ్డీ కూడా కలిపి చాలా జంటలకు బుధవారం రాత్రే మూడు రోజులది కోస్తారు. వారాల తరబడి ఉంచుకునేవాళ్ళకు స్ప్రెడ్ కంటే ఇదే బరువు.

ప్రతి నెలా మొదట్లో, మామూలుగా మొదటి శుక్రవారం, అమెరికా ఉద్యోగాల లెక్క వస్తుంది. న్యూయార్క్ సమయం ఉదయం 8:30కి. ఆ నిమిషంలో అతి చిన్న సైజుతో ఒక ఆర్డర్ పెట్టి చూడండి. మీరు పెట్టిన స్టాప్ ధరకీ, నిజంగా పడిన ధరకీ ఎంత తేడా ఉంది? తేడా ఉండటం తప్పు కాదు, ఆ క్షణంలో ధర గంతులేస్తుంది. ఆ తేడా ఒక్కోసారి మీకు అనుకూలంగా కూడా రావాలి. ఎప్పుడూ మీకు నష్టంగానే పడుతుంటే అది బజారు చేస్తున్న పని కాదు. ఇందాక చెప్పుకున్న ఎఫ్‌ఎక్స్‌సీఎంకే 2011లో ఎన్‌ఎఫ్‌ఏ 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ధర ఖాతాదారుకి అనుకూలంగా జారినప్పుడు ఆ లాభాన్ని వాళ్ళకు ఇవ్వలేదన్నది అందులో ఒక ఆరోపణ.

ఇన్ని పరీక్షలు దాటిన సంస్థ మునగడానికైనా ఒక్కరోజు చాలు. 2015 జనవరి 15, గురువారం. మన గడియారంలో మధ్యాహ్నం మూడు గంటలు. యూరో విలువ 1.20 స్విస్ ఫ్రాంకుల కంటే తగ్గనివ్వం అని 2011 సెప్టెంబరు నుంచి కాపు కాస్తున్న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, ఇక కాపలా లేదు అని ఉన్నట్టుండి ప్రకటించింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కంటే కిందికి పడిపోయింది. 1.20 కింద నేల ఉందన్న ధీమాతో స్టాప్ పెట్టుకున్నవాళ్ళకు మధ్యలో కొనేవాడే దొరకలేదు, స్టాప్‌లు చాలా కింద పడ్డాయి. ఖాతాలు సున్నా దాటి అప్పుల్లోకి వెళ్ళాయి. ఎఫ్‌ఎక్స్‌సీఎం ఖాతాదారులు ఆ సంస్థకు 22.5 కోట్ల డాలర్లు బాకీ పడ్డారు. సంస్థ 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుని ఊపిరి పీల్చుకుంది. బ్రిటన్‌లో ఆల్పరీ యూకే అయితే దివాలా తీసింది. వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీద అప్పటికి దాని పేరే ఉంది. యూరప్ తర్వాత తెచ్చిన సున్నా కంటే కిందికి పోనివ్వని రక్షణ వెనక ఆ మధ్యాహ్నం కూడా ఉంది. ఇప్పటికీ ద్వీపాల కంపెనీల ఒప్పందాల్లో ఆ రక్షణ ఉందో లేదో వెతుక్కోవలసిందే.

చివరగా, మన ఊళ్ళల్లో నిజంగా కొంపలు ముంచుతున్నవాటి గురించి. వాట్సాప్‌లో పరిచయం, టెలిగ్రామ్ గ్రూపు, గ్రూపులో రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు, ఒక సారో మేడమో చెప్పే సిగ్నల్స్. తర్వాత ఒక యాప్ దింపుకోమంటారు. జాగ్రత్తపరులు అది ప్లే స్టోర్‌లోనే ఉందా, నకిలీదా అని చూస్తారు. అది మెటాట్రేడర్ అయితే యాప్ అసలైనదే, లక్షలమంది వాడేది. కానీ అది కిటికీ మాత్రమే. దాన్ని ఏ సర్వర్‌కైనా కలపవచ్చు. సర్వర్ మోసగాడిదైతే, మీ తెర మీద కనిపించే ధరలూ లాభాలూ బ్యాలెన్సూ అన్నీ అతను టైప్ చేసిన అంకెలే. 2022 సెప్టెంబరులో యాపిల్ తన స్టోర్ నుంచి మెటాట్రేడర్‌ని తీసేసి, 2023 మార్చిలో మళ్ళీ పెట్టింది. యాప్ తిరిగి వచ్చినంత మాత్రాన దాని వెనకుండే సర్వర్లన్నీ కడిగిన ముత్యాలైపోలేదు.

ఇలాంటివాటిలో డబ్బు వేసేటప్పుడు ఒక గుర్తు పట్టుకోవచ్చు. యూపీఐ తెర మీద వచ్చే పేరు చూడండి. కంపెనీ పేరు కాకుండా ఎవరో ఒక మనిషి పేరో, ఏదో కిరాణా దుకాణం పేరో వస్తే, తర్వాతిసారి ఇంకో పేరు వస్తే, అవి అద్దెకు తెచ్చిన ఖాతాలు. తీసుకునేటప్పుడు ఇంకో గుర్తు. మీ లాభం మీద 20 శాతం పన్ను ముందు కడితేగానీ డబ్బు విడుదల కాదంటారు. పన్ను ఏదైనా ఉంటే అది మీరు మీ ప్రభుత్వానికి కడతారు, లేదా మీకిచ్చే దాంట్లోంచి పట్టుకుంటారు. డబ్బు ఇవ్వడానికి డబ్బు అడిగే అసలైన సంస్థ ఎక్కడా ఉండదు. గ్రూపులో ఆ యాప్ చెప్పిన స్నేహితుడి మీద కూడా ఓ కన్నేయండి. మోసం లేని సంస్థల్లో కూడా కొత్తవాళ్ళను చేర్చినవాళ్ళకు లాట్‌కి ఇంత అని కమిషన్ వస్తుంది. మీరు ఎంత ఎక్కువ తిప్పితే ఆయనకంత. యూట్యూబ్ గురువుల్లో కొందరికి నిలకడైన ఆదాయం ట్రేడింగ్ కాదు, ఇదే.

డబ్బు ఇరుక్కుందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చెయ్యండి. జాతీయ సైబర్ నేరాల నంబరు అది. మోసగాడి ఖాతాలోంచి డబ్బు ఇంకో ఖాతాకి జారిపోయేలోపు బ్యాంకుకి కబురు వెళితే, ఉన్నంతవరకు ఆపగలుగుతారు. సిగ్గుపడి రెండు రోజులు ఆలోచిస్తే ఆ అవకాశం పోతుంది. అనుమతి లేకుండా డబ్బు పోగుచేస్తున్నారని ముందే అనుమానం వస్తే రిజర్వ్ బ్యాంక్ సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యవచ్చు. ఫోన్ చేసేటప్పుడు ప్రతి చెల్లింపు యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, ఏ పేరుకి వెళ్ళిందో దగ్గర పెట్టుకోండి. కోపంతో ఆ యాప్‌ని డిలీట్ చెయ్యకండి, గ్రూపులోంచి బయటికి రాకండి. మీ ఖాతా నంబరు, సర్వర్ పేరు, వాళ్ళు పంపిన మెసేజీలు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌లో దాచండి. సైబర్ పోలీసులు మొదట అడిగేవి అవే.